కొంగులో మూటగట్టిన మందు

పోలీస్ యాక్షన్ అయిన కొత్తల ముచ్చట. మెదక్‌ల బస్సు కోసం కూసుంటే నా పక్కకు ఎవరో ముసలామె వచ్చి కూసున్నది. ఆమె పెనిమిటి బెజవాడ దిక్కు జైల్ల ఉన్నడట. యాక్షన్‌కు ముందు, మోకాళ్ల నొప్పులకని మెదక్ దుకాణంల కొన్న నల్లమందుతోని నిజాం హద్దు దాటంగనే అక్కడి పోలీసులు పట్టుకున్నరట. ఇక్కడ దుకాణంల అమ్మేదే గని, హద్దు దాటిస్తే నేరమట.

"ఇప్పుడు హద్దే లేదు గద బిడ్డా, ఇంకెందుకు ఇడుస్తలేరు?"

"హద్దు పోయినా కేసు పోదవ్వా" అన్న. మల్ల గదే అడిగింది. మల్ల చెప్పిన. నా నోరు నొచ్చింది గని ఆమె చెవికెక్కలే.

గంతల బస్సొచ్చింది. ఆమె లేస్తూ కొంగుముడి తడుముకున్నది.

"ఏందవ్వా అది?"

"గదే మందు. చలికి ఆయన కాళ్లు మస్తు గుంజుతయి. ఇచ్చొస్త."

నాకు నెత్తి కొట్టుకోబుద్ధయింది. "పారెయ్యవ్వా! నిన్ను గూడ లోపలేస్తరు!"

ఆమెకు నా మీద కోపమొచ్చింది. "గట్లయితే రెండు రాజ్యాలు ఒకటైనయని మొన్న మిఠాయెందుకు పంచిండ్రు?" అని నన్నే కసిరి, కొంగు నడుముకు గట్టిగ చెక్కుకొని బస్సెక్కింది.