రెండో పట్టికలోని పాకం

ఈ ఉదయం ఒక పరిశోధన పత్రిక సంపాదకుల నుంచి నాకు మెయిల్ వచ్చింది. ఎవరో బెల్లం వండే యంత్రం మీద వ్యాసం పంపారట, అది అచ్చుకు పనికొస్తుందో లేదో చదివి చెప్పమన్నారు. నా అభిప్రాయం అడగడమన్నది మా ఇంట్లోనే అరుదు కాబట్టి ముందు సంతోషమే వేసింది. నాలుగో పేజీకి వచ్చేసరికి నా పేరు కనిపించింది. పాకాన్ని ఎంత వేడి దగ్గర దించాలో నా వ్యాసంలోని రెండో పట్టిక నుంచి తీసుకున్నామనీ, యంత్రాన్ని ఆ వేడికే అమర్చామనీ రాశారు. చేతిలో టీ అలాగే చల్లారిపోయింది. ఆ పట్టికలో ఉన్నది మాడిన పాకం లెక్క. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకరు ఇప్పుడు లేరు.

ఆయన మా అమ్మకి చిన్నాన్న, నాకు చిన్నతాత. చోడవరంలో మా ఇంటి నుంచి ఆటోలో వెళితే బుచ్చయ్యపేట వైపు ఆయన ఊరు. ఫ్యాక్టరీకి తోలగా మిగిలిన చెరకుని గానుగ ఆడించి బెల్లం వండించుకునే రైతులందరికీ తాతే వంటవాడు. పాకం దగ్గర పడే వేళకి ఒక పద్ధతి ఉండేది. రసం మరిగే పెద్ద పెనం చుట్టూ ఎవరూ నోరు మెదపకూడదు. తాత పాకం చుక్కని చల్లటి నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి, చెంబు అంచుకి కొట్టి ఆ చప్పుడు వినేవాడు. విని "దించు" అనేవాడు. ఆయన ఆ మాట అనేవరకూ చెరకు సొంతదారు కూడా పెనం మీద చెయ్యి వేసేవాడు కాడు. నురగ అణచడానికి వేసే ఆముదం వాసనా, కాలే పిప్పి పొగా, పచ్చి రసం తీపీ కలిసిన ఆ గాలిలో నేను నోటుబుక్కు పట్టుకుని ఒక మూల నిలబడేదాన్ని. నా పరిశోధన విషయం అదే. తాత అందరికీ నన్ను పరిచయం చేసే తీరు కూడా ఒకటే. "మా గుంట మాటాడదు గానీ అన్నీ రాసేస్తాది. జాగర్త, మీ తిట్లు కూడా పుస్తకంలోకెళిపోతాయి."

థీసిస్ ఇచ్చేలోపు ఒక వ్యాసమైనా అచ్చు కావాలని మా గైడు మేడమ్ గట్టిగా చెప్పారు. వ్యాసం రాయడం కన్నా దాన్ని పంపడం పెద్ద పని అని అప్పుడే తెలిసింది. ఆ పత్రిక నియమాలు పన్నెండు పేజీలున్నాయి. పుస్తకాల జాబితాలో కామా ఎక్కడ ఉండాలో, బొమ్మ ఎంత వెడల్పుండాలో అన్నీ చెప్పారు. మేడమీద పిట్టగోడ దగ్గర మాత్రమే సిగ్నల్ అందేది. అక్కడ నిలబడి పంపితే, ఫైలు లోపల ఎక్కడో నా పేరు దాగి ఉందని వెబ్‌సైటు రెండుసార్లు తిప్పికొట్టింది. రాసినవాళ్లెవరో చదివేవాళ్లకి తెలియకూడదట. చెప్పినవాళ్ల పేర్లూ ఉండకూడదట. అలా మా తాత 'సమాచారదాత 3' అయ్యాడు.

ఆ మాట తాతకి చెప్పాను. "మూడా? నాకంటే ముందున్న ఇద్దరెవరే? ఆళ్లకి ఒండడం వచ్చా?"

"చెప్పకూడదు తాతా."

"అంటే పేకముక్కల్లాగ మూసేసి ఆడాలన్న మాట," అని తనే నవ్వేశాడు.

కొన్ని నెలల తర్వాత ఇద్దరు సమీక్షకుల అభిప్రాయాలు వచ్చాయి. ఒకరు మెచ్చుకున్నారు. రెండోవారు, వేళ్లతో చూసి చెప్పడం ఆధారం కాదు, దించే క్షణంలో వేడి కొలిచి పట్టిక ఇవ్వండి అన్నారు. గడువు నెల. గానుగల కాలం అయిపోవచ్చింది. తాత ఊళ్లో ఒకే ఒక్క రైతు చెరకు మిగిలింది. యూనివర్సిటీ ల్యాబులో ఒక థర్మామీటరు అడిగి తెచ్చుకున్నాను. పొడుగాటి స్టీలు పుల్ల, దానికో తీగ, తీగ చివర అంకెలు చూపించే చిన్న డబ్బా. అంకె నిలబడడానికి కొంచెం సమయం తీసుకునేది.

ఆ రోజు తాత ఉండ చేశాడు, చెంబుకి కొట్టాడు, నోరు తెరిచాడు. డబ్బాలో అంకె ఇంకా పైకి పోతూనే ఉంది. అంతమంది మగవాళ్ల మధ్య 'ఆగు తాతా' అనడానికి నాకు గొంతు రాలేదు. ఒక వేలు ఎత్తి చూపించాను. తాత నా వేలు చూసి నోరు మూసుకున్నాడు. అంకె నిలబడింది. రాసుకుని తల ఊపాను. అప్పుడు "దించు" అన్నాడు. మధ్యలో గడిచింది ఒక మనిషి చెప్పులు వేసుకునేంతసేపు. అచ్చుల్లో పోస్తుంటేనే రంగు తెలిసిపోయింది.

చెరకు రైతు వంగి చూశాడు. "ఏటి పెద్దాయనా ఇది? బెల్లమా, బొగ్గా? నిలబడి నిద్దరోయేవేటి?"

"సూపు ఆన్లేదు బాబూ. నాదే తప్పు," అన్నాడు తాత. నా వైపు చూడలేదు.

'నేనే ఆపమన్నాను' అనాలి. అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఆ సాయంత్రం డైరీలో ఆ మాట రాసుకున్నాను కూడా. అక్కడ మాత్రం చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయాను.

ఆ అంకె పట్టికలోకి వెళ్లింది. ఎలా వచ్చిందో రాయలేదు. రెండో సమీక్షకుడికి ఆ పట్టిక బాగా నచ్చింది, వ్యాసం ఒప్పుకున్నారు. అచ్చుకు ముందు ప్రూఫు పంపి, దిద్దవలసినవి ఉంటే రెండు రోజుల్లో చెప్పమన్నారు. ఏమీ లేవని మొదటి రోజే జవాబిచ్చాను.

మరుసటి ఏడాది గానుగలు మొదలయ్యాయి. తాతని ఎవరూ పిలవలేదు. పెద్దాయనకి చూపు పోయిందన్న మాట ఊళ్లో స్థిరపడిపోయింది. కొన్నాళ్లు తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లి, ఎవరో కుర్ర వంటవాడు వండుతుంటే దూరంగా కూర్చుని చూసి వచ్చేవాడట. తర్వాత అదీ మానేశాడు.

అచ్చయిన వ్యాసం తీసుకెళ్లి, మంచం పక్కన కూర్చుని, పేజీ పేజీ తెలుగులో చెప్పాను. తాత కళ్లు మూసుకుని విన్నాడు. అంతా అయ్యాక అడిగాడు. "మన పాకం మాడిపోయిన సంగతి రాసేవా?"

"లేదు తాతా."

"రాయాల్సింది గుంటా. ఎలాగ పాడవుతాదో తెలిస్తేనే గదా ఎవడైనా నేర్చుకుంతాడు."

ఆయన గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది. 'ఊళ్లోవాళ్లకి నేను చెబుతాను తాతా' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. "మళ్లీ ఆదివారం వస్తాను" అని లేచాను. రెండు ఆదివారాలు వెళ్లాను, మాట్లాడలేదు. మూడో ఆదివారానికి ఆయన లేడు.

యంత్రం వ్యాసం మీద అభిప్రాయం చెప్పలేనని ఈ మధ్యాహ్నం సంపాదకులకి రాశాను. నా వ్యాసంలో తప్పు దిద్దాలని కూడా రాశాను. గంటలో ఒక ఫారం పంపారు. తప్పు ఎక్కడ: రెండో పట్టిక. ఎవరి వల్ల: నా వల్ల, వండినవారి వల్ల కాదు. సరైన విలువ ఎంత అన్న చోట 'తెలియదు' అని రాయవలసి వచ్చింది. తెలిసిన వేళ్లు తాత చితిలోనే కాలిపోయాయి కదా. చివరి ప్రశ్న, ఇంత ఆలస్యంగా తెలపడానికి కారణం. 'సిగ్గు' అని ఒక్క మాట రాసి పంపేశాను. ఇక ఆ ఊరికి వెళ్లాలి, ఆ రైతుతో నోరు తెరిచి చెప్పాలి. చెబుతాను. సిగ్గు కాలంతో పాటు తగ్గుతుందని అమ్మ అనేది. తగ్గింది. తగ్గేసరికి తాత లేడు.