చాట ముట్టని పిల్ల

పొద్దుగాల లేవంగనే కోడలు ఉమారాణి స్టీలు గ్లాసుల నల్లటి కషాయం తెచ్చి ముందట పెడ్తది. భూమవ్వ ముక్కు మూసుకొని ఒక్క గుక్క మింగుతది. కోడలు అటు తిరగంగనే మిగిలింది గులాబి కుండీల పోస్తది. ఆ గులాబి గూడ తట్టుకోలేక వారం కింద ఎండిపోయింది.

"దగ్గు తక్కువైతది అత్తమ్మా, అంతా నేచురలే" అంటది కోడలు.

థూ! ఏండ్ల సంది తంబాకు దుమ్ము రొమ్ముల తిష్టేసి కూసుంటే, మిర్యాలు వాము ఏం పీకుతయి? బోధన్ల బీడీలు చేసే ఆడోళ్ళ దగ్గు కషాయానికి పోయేదైతే ఎన్నడో పోతుండె.

భూమవ్వకు బీడీ అంటే రోత. చేసుడు మానలే, రోతా పోలే. ఆమెకు ఆ పని నేర్పింది కన్నతల్లే. పలక పట్టే ఈడుల బడి సంచి తీసి మేకుకు తలిగేసి, ఒళ్ళె బీడీల చాట పెట్టింది. నానబెట్టిన తునికాకు కత్తిరించుడు, తంబాకు పోసుడు, చుట్టుడు, దారం కట్టుడు. గవే అ ఆలు, గవే ఎక్కాలు. వంకర చుడితే కత్తెరతోని వేళ్ళ మీద ఒక్కటిచ్చేది. అన్నం కలుపుకుంటే తంబాకు కంపు, నెత్తికి నూనె రాసుకుంటే తంబాకు కంపు. కొడుకును కని రొమ్మిస్తే ఆ పసిగుడ్డు గూడ ఆమె చేతి వాసనకు మొకం తిప్పుకునేటోడు. ఆ సంగతి యాదికొస్తే ఇప్పటికీ చేతులు వాసన సూసుకుంటది.

పెండ్లి సూపులైతే మరీ పాడు. వచ్చినోళ్ళు పిల్ల మొకం సూడలే, పేరడగలే. చాట ముందట పెట్టి "ఏదీ, చుట్టి సూపియ్యి" అన్నరు. చుట్టింది. పిల్లగాని తల్లి ఒక బీడీ పట్టుకొని అటు తిప్పి ఇటు తిప్పి, "చెయ్యి మంచిగుంది. ఇగ ఫికర్ లేదు" అన్నది. అంగట్ల బర్రె పండ్లు సూసినట్టే.

ఆ దినమే ఒట్టు పెట్టుకున్నది, తన ఇంట్ల ఇంకో ఆడిది చాట ముట్టదని. కోడలు రెంజల్ దిక్కు వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల, అత్త బీడీలు చుడతదని తెల్సు గని, ఆ బతుకేందో తెల్వదు. తెల్వకపోతేనే మంచిదని భూమవ్వ ఏమీ చెప్పలే. వెనక అర్రల తలుపు గొళ్ళెం పెట్టుకొని చుడతది. తంబాకు డబ్బాకు తాళం. మనుమరాలు త్రివేణి బడికి పోతుంటే, ఆ రెండు జడలు గల్లీ మలుపు తిరిగేదాక సూసి గప్పుడు లోపలికి పోయేది.

అట్లాంటి పిల్లను దసరా సెలవులైనంక కోడలు బడి మాన్పించింది.

ఫోన్ల ఎవలో స్నేహలత మేడమట. నిజామాబాద్ల ఉంటది. మందులొద్దు, వంటింట్లనే అంతా ఉన్నదంటది. బడొద్దు, అమ్మనే గురువంటది. పిల్లలు చేతి పనులు జేస్తే బుద్ధి దానంతటదే పెరుగుతదట. ఇగ ఇంట్ల ఒకటే లొల్లి. పేడ ప్రమిదలు, కాయితం పూలు, కుంకుడుకాయల సబ్బు. బడి సారు రెండు మాట్ల ఇంటికొచ్చి, "సురుకైన పిల్ల, ఎందుకమ్మా ఆగం జేస్తరు? పరీక్షలు దగ్గరికొచ్చినయి" అని మొత్తుకొని పోయిండు. ఈ ఏడు పాయె అంటే పిల్ల ఇగ బడి మొకం సూడదని భూమవ్వ భయం. కొడుకు నరేష్‌కు చెప్తే, "ఉమకు తెల్సు తియ్యే అమ్మా" అని ఆటో స్టార్ట్ జేసిండు. పుట్టినప్పుడు తిప్పిన మొకం, వాడు ఇప్పటికీ తిప్పుకుంటనే ఉన్నడు.

ఆదివారం నిజామాబాద్ల ఫంక్షన్ హాల్ల పిల్లల ప్రదర్శన అన్నది కోడలు. "మీరు రావాల్సిందే అత్తమ్మా, మీకోసం ఒకటుంది" అని బలిమికి బస్సెక్కించింది.

హాల్ల ఏసీ, అగరొత్తుల వాసన. స్నేహలత నేత చీర కట్టుకొని మైకు పట్టింది. "ఇప్పుడు మన త్రివేణి ఒక అచ్చమైన మన నేల కళ చూపిస్తుంది!"

పిల్ల స్టేజి మీద బాసింపట్లేసుకొని కూసున్నది. ఒళ్ళె కొత్త చాట. చాట చుట్టూ కాయితం పూలు. చాటల తునికాకు.

పిల్ల ఆకు కత్తిరించింది. తంబాకు బదులు సోంపు పోసింది. రెండు వేళ్ళతోని చుట్టి, గోరుతోని మూతి మడిచి, ఎర్రదారం కట్టింది. పైకి లేపి సూపిచ్చింది. హాలంతా ఒకటే చప్పట్లు, ఫోన్లు పైకి లేచినయి. ఛీ! ఈళ్ళ చప్పట్లల్ల మన్ను బడ!

"ఎవలు నేర్పిన్రే దీనికి?" అన్నది భూమవ్వ.

"మీరే అత్తమ్మా!" కోడలు మొకం వెలిగిపోతున్నది. "కిటికీ సందుల కెల్లి మిమ్మల్ని సూసి నేర్చుకుంది. ఆకే గద, తంబాకు లేదు గద!"

తంబాకుకు తాళమేసింది గని కిటికీ సందు మర్చిపోయింది భూమవ్వ.

అంతల స్నేహలత దిగొచ్చి మైకు ఆమె మూతి దగ్గర పెట్టింది. "ఈ కళ ఈ పెద్దమ్మదే! రెండు మాటలు చెప్పండమ్మా."

"నన్ను గన్నతల్లి గూడ నాకు ఇంట్లనే సదువు చెప్పిందమ్మా" అన్నది భూమవ్వ, పండ్లు కొరుక్కుంట.

తిట్టుకు గూడ చప్పట్లు కొట్టిన్రు. ఇంకా అందామంటే దగ్గు అడ్డమొచ్చింది. చాయ్‌లు ఇచ్చే ఆడమనిషి ఉరికొచ్చి నీళ్ళిచ్చింది. తంబాకు మరకల ఆమె వేళ్ళు సూడంగనే భూమవ్వకు తెల్సిపోయింది, ఈమె గూడ బీడీల ఇంటిదే అని.

"నీ మనుమరాలా అక్కా?" అన్నదామె, మెచ్చుకోలుగ. "చెయ్యి మంచిగుంది. ఇగ పెండ్లికి ఫికర్ లేదు."

ఉమారాణి పక్కనే ఉన్నది. "పెండ్లా? పెండ్లికీ దీనికీ ఏం సంబంధం అత్తమ్మా?"

భూమవ్వ అక్కడనే, కుర్సీల మధ్యన నిలవడి, తన పెండ్లి సూపుల ముచ్చట చెప్పింది. ఇన్నేండ్లు కోడలికి చెప్పని ముచ్చట. చాట ముందట పెట్టుడు, బీడీ అటు ఇటు తిప్పి సూసుడు, అంతా చెప్పింది. కోడలు మొకంల నవ్వు ఆరిపోయింది. స్టేజి ఎక్కి, పిల్ల ఒళ్ళె చాట తీసి కింద పెట్టింది.

"ఉమా, ఫోటోలు ఇంకా అవ్వలేదు!" అన్నది స్నేహలత.

"అయినయి మేడం" అన్నది ఉమారాణి.

ఇంటికొచ్చినంక ఉమారాణి అటక మీది బడి సంచి దించి దుమ్ము దులిపింది. భూమవ్వ పిల్లను నల్లా కాడ కూసోబెట్టి, దుకాణంల కొన్న వాసన సబ్బుతోని ఆ చిన్న వేళ్ళు రుద్దుతనే ఉన్నది. వాసన సూసుడు, మళ్ళ రుద్దుడు.

"బాపమ్మా, నేను మంచిగ చెయ్యలేదా?" పిల్ల మొకం ఏడుపుకొచ్చింది.

"మంచిగ జేసినవ్ బిడ్డా" అన్నది భూమవ్వ. "గందుకే కడుగుతున్న."