శుక్రవారం పూట వయొలిన్

సౌదీలోని అల్ ఖోబర్‌లో మా కాంపౌండ్‌లోనే ఉండి వెళ్లిన అమెరికన్ పెద్దాయన పోయారని తెలిసి, మావాళ్లు శుక్రవారం పొద్దు గుంకాక చేసే మగ్రిబ్ నమాజు తర్వాత సంతాప సభ పెట్టారు. ఆయనది పంపుల వ్యాపారం. సాయంత్రాలు అప్పటికి పిల్లలమైన మాకందరికీ ఊరికే వయొలిన్ నేర్పేవారు. నా మొదటి వయొలిన్ ఆయన కొనిచ్చిందే. కానీ శుక్రవారం పొద్దు వాలకముందే వయొలిన్ పెట్టె మూసేవారు. అమెరికాలో ఉన్న తన పిల్లలకు ఫోన్ చేసి దీవించి, ఫోనూ పక్కన పెట్టేవారు. శనివారం చీకటి పడేదాకా అది యూదుల విశ్రాంతి దినం. ఈ సంగతి మా అందరికీ తెలుసు.

సభలో సరిగ్గా ఆ వేళకే ఆయన వయొలిన్ రికార్డింగ్ పెట్టారు. పైగా సభ నడిపే అంకుల్ మైకులో, "ఆయనకు మతం గితం ఏం లేకుండె. సంగీతమే ఆయన దేవుడు" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. ఒక మనిషిని మెచ్చుకోవాలంటే ముందు ఆయన నమ్మకాన్ని చెరిపేయాలా?

నలుగురిలో నోరు విప్పని నేను లేచి వెళ్లి స్పీకర్ వైరు పీకేశాను. "ఆయన యూదుడు అంకుల్. ఈ వేళ వయొలిన్ ముట్టేవారు కాదు."

"మెల్లగ మాట్లాడమ్మా! ఆయన పేరు ఖరాబ్ చేస్తవా?"

"ఇందులో ఖరాబ్ ఏముంది? ఆయనే ఎన్నడూ దాచుకోలేదు."

నేను వైరు వదల్లేదు. మిగతా సభ పాట లేకుండానే జరిగింది.