ఆపితే పడిపోయే బండి

2022 వేసవి. కర్నూలులో రిమోట్ కంట్రోల్ హెలికాప్టర్లు బాగుచేస్తూ, కొత్తవాళ్లకు ఎగరేయడం నేర్పుతూ నాకది మూడో ఏడు. గాలి లేవకముందే, ఉదయం ఆరింటికి, ఊరి బయట బీడు నేలలో పాఠాలు.

ఓబులేసు మామ బేతంచెర్ల నుంచి నాపరాళ్ల లారీ ముప్పై ఏళ్లు నడిపాడు. నడుము నొప్పికి డాక్టరు స్టీరింగు మాన్పించాడు. ఇంట్లో ఊరికే కూర్చోలేక, ఫోనులో వీడియోలు చూసి ఒక చిన్న హెలికాప్టర్ కొనుక్కుని నా దగ్గరికి వచ్చాడు.

నేను మొదట నేర్పేది హోవర్, అంటే నడుమెత్తులో ఒకేచోట నిలపడం. తోక మనవైపు ఉండాలి. అప్పుడే మన ఎడమ దానికీ ఎడమ అవుతుంది. రిమోటు మీద ఎడమ చేతి స్టిక్ థ్రాటిల్. పైకి తోస్తే లేస్తుంది, కిందికి లాగితే దిగుతుంది. మామకు ఇవన్నీ కంఠతా వచ్చు. అయినా హెలికాప్టర్ కాస్త పక్కకు జరిగితే చాలు, ధబీమని పడేది.

పడిన ప్రతిసారీ నోటుబుక్కులో మూడు గడులు నింపుతాను: ఎత్తు, గాలి, విరిగిన భాగం. నాలుగు పాఠాల్లో నాలుగుసార్లు పడింది. నాలుగుసార్లూ విరిగినవి పైన తిరిగే రెక్కలే. గాలి గడిలో నాలుగుసార్లూ "లేదు". రెండుసార్లు మొత్తం విప్పి చూశాను, లోపం దొరకలేదు.

ఐదో రోజు మామ ముందే చెప్పేశాడు. "నా కాడ మిగిలిన కడా రెక్కలు ఇవేనప్పా. ఈ పొద్దు గూడా ఇరిగితే దీన్ని ఎవురికన్నా ఇచ్చేస్తా. లారీ పాయ, ఇదీ పాయ అని ఇంట్లో నగుతాండారు."

ఆ రోజు హెలికాప్టర్‌ను వదిలేసి ఆయన్నే చూశాను. అది మోకాలెత్తు లేచి కుడికి జరిగింది. మామ కుడి పాదం నేలను గట్టిగా అదిమింది. అదే క్షణంలో ఎడమ బొటనవేలు థ్రాటిల్‌ను కిందికి లాగేసింది. పడింది గానీ, తక్కువ ఎత్తు కాబట్టి రెక్కలు బతికాయి.

"మామా, నువ్వు బ్రేకు తొక్కుతాండావు" అన్నాను.

ఆయన తన కాలు చూసుకున్నాడు. తర్వాత నవ్వాడు. "ఆపితే పడిపోయే బండిని నేను యాడా సూడ్లేదప్పా."

లారీలో భయమేస్తే ఆపాలి. ఇక్కడ భయమేస్తే ఇంకాస్త పైకి పోవాలి. మాటతో చెబితే ముప్పై ఏళ్ల అలవాటు వినదు. అక్కడ పడి ఉన్న నాపరాయి మీద మామను బాసింపట్టు వేసుకుని కూర్చోమన్నాను. కూర్చున్నవాళ్లు చప్పున పక్కకు తప్పుకోలేరు కాబట్టి, కూర్చుని ఎగరేయడం నేనెవరికీ నేర్పను. అందుకే హెలికాప్టర్‌ను ఇరవై అడుగుల దూరం జరిపాను. తొక్కడానికి నేల అందకపోతే వేలు కూడా ఆగుతుందేమోనని నా ఆశ.

లేచింది. పక్కకు జరిగింది. "పైకి మామా, పైకి" అన్నాను. పైకే పోయింది. నలభై సెకన్లు నిలిపి, తనంతట తానే మెల్లగా దించాడు. చెమట తుడుచుకుని, ఇంకోసారి లేపేదా అని అడిగాడు. ఎండ ముదిరేదాకా ఆ రాయి మీద నుంచి లేవలేదు.

అప్పటి నుంచి ఎవరు వచ్చినా రిమోటు ఇచ్చేముందు, ఇన్నాళ్లూ ఏం పని చేశారని అడుగుతున్నాను. ఏమీ తెలియనివాళ్లకు నేర్పడం తేలిక. ఒక పనిని ముప్పై ఏళ్లు సరిగ్గా చేసినవాళ్లకు నేర్పాలంటే, ముందు ఆ పని గురించి నేను నేర్చుకోవాలి.