ఒర్రెకే పోదాం

పొద్దున హన్మకొండలో మా బట్టల దుకాణం షట్టర్ లేపుతుంటే బావ ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది. ట్యాంకర్ చెప్పలే. తానాలకు ఒర్రెకే పోదాం" అన్నాడు. మొదటి మాటకు నిలబడిపోయాను గాని, ట్యాంకర్ మాటకే కన్నీళ్లు ఆగలేదు.

ఆమె మా నాన్నకు అక్క, నాకు మేనత్త. పరకాల వైపు పల్లెలో ఉండేది. ఊరి పక్కన పారే చిన్న వాగును అక్కడ ఒర్రె అంటారు. దహనం అయ్యాక అందులో స్నానం చేసి ఇంటికి రావడం వాళ్ల ఆచారం. మామ పోయేనాటికి అందులో నీళ్లు లేవు, ప్లాస్టిక్ సంచులూ పురుగుమందు డబ్బాలూ ఉన్నాయి. ట్యాంకర్ తెప్పించారు. చుట్టాలంతా మగ్గు కోసం వరుసలో నిలబడితే, ఇంకో ఊరికి పోవాలని డ్రైవర్ తొందరపెట్టాడు. ఆ మగ్గు నీళ్లు అత్త మనసులో ముల్లులా ఉండిపోయాయి. "నేను పోయిన్నాడు మీరు ట్యాంకర్ కింద నిలవడొద్దు బిడ్డా" అంది నాతో. చావంటే భయం లేదు ఆమెకు, ఆలోపు ఒర్రె పారదేమోనని దిగులు.

అత్తకు ఊడ్చే పిచ్చి. మా ఇంటికొస్తే కూర్చోకముందే చీపురు ఎక్కడుందని అడిగేది. ఒర్రె పనీ అలాగే మొదలుపెట్టింది. ఆడవాళ్ల సంఘాన్ని కూడగట్టి, ఊరి పెద్దలను ఒప్పించి, జేసీబీతో చెత్తతో పాటు తుంగ, పొదలు, రాళ్లు అన్నీ తీయించింది. వాకిలిలా నున్నగా అయింది. ముగ్గేయడమే తక్కువని మేం ఏడిపించాం. ఆ వానాకాలం వరద వచ్చింది వచ్చినట్టే పోయింది, పోతూ పోతూ ఒడ్డును కూడా కోసుకుపోయింది. వాన వెలిసిన కొన్నాళ్లకే ఒర్రె ఎండి అడుగు తేలింది.

అత్త ఒడ్డున కూర్చుని చాలాసేపు చూసి, తన మీద తనే నవ్వుకుంది. "ఇల్లు ఊడ్సినట్టు ఒర్రెను ఊడ్సిన. నీళ్లు జర కూసుండాలంటె ఏదన్న అడ్డం ఉండాలె గద" అంది.

తర్వాత పని పైన గుట్ట వాలులో మొదలైంది. నీళ్లు దిగే చోటల్లా ఊరంతా కలిసి రాళ్లు అడ్డంగా పేర్చారు. తుంగను పెరగనిచ్చారు. పత్తికీ మిర్చికీ మందు కొట్టిన పంపులు ఒర్రెలో కడగడం మాన్పించడమే కష్టమైంది. ఒడ్డుకు దూరంగా ఒక డ్రమ్ము పెట్టించి అత్తే పక్కింటావిడను వెంటేసుకుని నీళ్లు మోసి నింపేది, కడిగిన నీళ్లు ఎవరి చేన్లో వాళ్లనే పారబోయమనేది. పంపు భుజానేసుకుని ఎవరైనా ఒర్రె దిగబోతే, పిల్లల క్షేమం అడుగుతూ డ్రమ్ము దాకా నడిపించుకుపోయేది. సొంతవాళ్లకు మాత్రం ఆ మర్యాద లేదు. నేనోసారి ఒర్రెలో స్నానానికి షాంపూ ప్యాకెట్ తెస్తే, లాక్కుని కొంగున ముడేసుకుంది. నేను ఊరికి బయల్దేరేదాకా ఆ ముడి విప్పలేదు.

కొన్నేళ్లకు ఒకరోజు ఫోన్ చేసింది. "బిడ్డా, ఒర్రెల పరకలొచ్చినయి. ఇగ నాకు ఫికర్ లేదు" అంది. పరకలంటే వేలెడైనా లేని చేపపిల్లలు. వాటి సంగతి అడిగినంత సేపు చెప్పింది, తన మోకాళ్ల నొప్పి సంగతి అడిగితే ఫోన్ పెట్టేసింది. ఇప్పటికీ దుకాణంలో తొందరపడి అంతా ఒకేసారి సర్దేయబోతే ఆమె గుర్తొస్తుంది, కాసేపు ఆగుతాను. అది నాకు ఆమె ఇచ్చిన ఆస్తి.

మేం ఆమెను సాగనంపింది ఎండలు ముదిరిన రోజున. అయినా తుంగ పక్క మడుగులో మోకాలి లోతు నీళ్లున్నాయి. ఆడవాళ్లం దిగాం. ఎవరూ తొందరపెట్టలేదు. వరుస లేదు, మగ్గు లేదు. పట్నం నుంచి వచ్చిన చుట్టం ఒకామె కొత్త సబ్బు విప్పింది. అత్త పక్కింటావిడ, ఆ డ్రమ్ముకు ఆమెతో కలిసి నీళ్లు మోసిన మనిషి, సబ్బు అందుకుని తడికొంగున ముడేసుకుంది. కాలిన చితి వైపు తిరిగి, "నువ్వు నిమ్మళంగ పో వదినె. గీడ నేను జూస్త" అంది.

నీళ్లు మళ్లీ తేరుకున్నాక కదలకుండా నిలబడ్డాను. పరకలు ఒక్కొక్కటే వచ్చి నా కాళ్లను ముట్టి చూశాయి.