కారం చేతులతో ఇంగ్లీషు క్లాసు

ఆ శనివారం పొద్దున నేను లేచేసరికే నాకోసం రెండు భయాలు కాచుకుని ఉన్నాయి. ఒకటి ఆకాశంలో మబ్బు. రెండోది 'పుట్' అనే ఇంగ్లీషు మాట.

మబ్బు భయం మా ఊరందరిదీ. కోసిన మిరపకాయలు కళ్లంలో ఎండుతున్నాయి. తడిస్తే బూజు పట్టి రంగు పోతుంది, గుంటూరు మిర్చి యార్డులో వాటి మొహం చూసేవాడు ఉండడు. 'పుట్' భయం మాత్రం నా ఒక్కదానిది. గుంటూరు శివార్లలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. సంవత్సరం మధ్యలో ఇంగ్లీషు మేడం మానేస్తే, ఆరో తరగతి ఇంగ్లీషు తెచ్చి నా నెత్తిన పెట్టారు. నేను చదువుకుంది తెలుగు మీడియంలో. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, రాయమంటే రాస్తాను. మాట్లాడమంటేనే నోరు పెగలదు. నెల తిరక్కుండానే పిల్లల తల్లిదండ్రులు ఈ సంగతి కనిపెట్టారు. ఒకావిడైతే ఆఫీసు గదికి వచ్చి మరీ, "ఇంగ్లీషు పాఠం తెలుగులో చెప్పేదానికి ఇంత దూరం పంపడం ఎందుకండీ" అని అడిగి వెళ్లింది. పక్క గదిలో ఉన్న నాకు ప్రతి మాటా వినబడింది.

కరస్పాండెంట్ గారు నన్ను పిలిపించారు. "శనివారం పేరెంట్స్ వస్తారు. వాళ్ల ముందు ఒక క్లాసు చెప్పండి మేడం. వాళ్లు సరేనంటే సరే. లేదంటే సోమవారం నుంచి ఇంకొకరు వస్తారు. సైన్సుకి ఆల్రెడీ మనిషిని తీసుకున్నాం కదా" అన్నారు. అంటే నాకు వెనక్కి పోవడానికి కూడా చోటు లేదు. ఇంట్లో కూర్చోవడమే.

ఆ రోజు చెప్పాల్సిన పాఠం 'పుట్'తో వచ్చే ఫ్రేజల్ వెర్బ్స్. ఒట్టి 'పుట్' అయితే నాకేం భయం లేదు, పెట్టడం. దాని పక్కన ఇంకో చిన్న మాట వచ్చి కూర్చోగానే అది మనం ఎరగని మనిషైపోతుంది. పుట్ ఆన్ అంటే తొడుక్కోవడం. పుట్ ఆఫ్ అంటే వాయిదా వెయ్యడం. పుట్ అవుట్ అంటే ఆర్పడం. పుట్ అప్ విత్ అంటే భరించడం. ఇందులో పెట్టడం ఎక్కడుందో నాకు ఎంతకీ తెలియలేదు. వారమంతా బస్సులో కిటికీ పక్కన కూర్చుని లోపల్లోపల వల్లించాను. మధ్యలో ఒకసారి మన 'పెట్టు' మాత్రం తక్కువ తిందా అనిపించింది. భయపెడతాం, కనిపెడతాం, మొదలుపెడతాం, పేరు పెడతాం. వీటిలో ఎవరు ఏం తెచ్చి ఎక్కడ పెట్టారు? ఆ ఆలోచనకు కాస్త ధైర్యం వచ్చింది గానీ, నా స్టాపు వచ్చేసరికి అదీ జారిపోయింది.

శనివారం నేను చీర కట్టుకుని బయల్దేరబోతుంటే ఉరిమింది. మా అత్తయ్య కళ్లం దగ్గర్నుంచే కేక వేసింది. "అమ్మాయ్, బస్సు సంగతి తర్వాత. ముందు నువ్విటు రా."

వెళ్లకపోతే ఎలా? మా ఆయన, మామయ్య అప్పటికే కాయల్ని కుప్పకు లాగుతున్నారు. నేను కొంగు నడుముకు చుట్టి, అంచుల్లో మిగిలిన కాయల్ని రెండు చేతులా దోసి తట్టలకెత్తాను. కుప్ప మీద పట్టాలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టేసరికి బస్సు వచ్చే వేళయింది. సబ్బుతో చేతులు కడుక్కుని పరుగెత్తాను. మిరపకాయ ముట్టుకున్న చేతికి ముందు నూనె రాయాలని మా వైపు చంటిపిల్లకి కూడా తెలుసు. నూనె రాయకుండా ఎంత సబ్బు రుద్దినా కారం వేళ్లనే అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ తొందరలో నాకది గుర్తే రాలేదు.

క్లాసులో పిల్లల వెనక తల్లిదండ్రులు వరసగా కూర్చున్నారు. తలుపు దగ్గర కరస్పాండెంట్ గారు. నేను గుడ్ మార్నింగ్ చెప్పి, బోర్డు మీద 'పుట్' అని రాసి, తిరిగి రెండు వాక్యాలు మాట్లాడాను. నుదుటి నుంచి చెమట కంట్లోకి జారితే వేళ్లతో తుడుచుకున్నాను. రెండు కళ్లూ.

నిప్పు పోసినట్టయింది. చాక్‌పీసు కిందపడింది. కళ్లు మూతలు పడిపోయి ధారగా నీళ్లు కారుతున్నాయి. "మేడం, టెన్షన్ పడకండి. ఏడవడం ఎందుకు?" అన్నారు కరస్పాండెంట్ గారు, తగ్గిన గొంతుతో. అయిపోయింది, నా ఉద్యోగం ఇక్కడితో సరి అనుకున్నాను.

"ఏడుపు కాదండీ అది. కారం చేతులు" అంది వెనక నుంచి ఒక గొంతు. ఆఫీసు గదిలోంచి విన్న గొంతే. ఆవిడ అడుగులు దగ్గరికొచ్చాయి. "కళ్లు ముట్టుకోమాకండి మేడం. ఒసేయ్, నీ క్యారేజీ ఇటు తే." కూతురి డబ్బాలోని పెరుగన్నం తీసి నా వేళ్లకు పట్టించి రుద్దడం మొదలుపెట్టింది. అందరి ముందూ, చంటిపిల్లకు చేసినట్టు.

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ కళ్లు మూసుకునే ఉన్నాను కాబట్టి ఎవరి మొహాలూ కనబడలేదు. కనబడకపోయేసరికి ఎలాగూ పోయేదేగా అనే మొండితనం వచ్చింది. చేతులు ఆవిడ చేతుల్లోనే ఉంచి గట్టిగా అన్నాను. "చిల్డ్రన్, పుట్ డౌన్ యువర్ పెన్స్." టకటకా పెన్నులు బల్లల మీద పడ్డ చప్పుడు. "పుట్ అవే యువర్ బుక్స్." సంచుల జిప్పుల చప్పుడు. "పుట్ ఆన్ యువర్ ఐడీ కార్డ్స్." బల్లల కింద వెతుకులాట, నవ్వులు. చెవులతోనే తెలుస్తోంది, వాళ్లకు అర్థమవుతోంది. ఎవరో పిల్ల లేచి, "మేడం, వాట్ ఈజ్ పుట్ అప్ విత్?" అని అడిగింది. "ఐ యామ్ పుటింగ్ అప్ విత్ దిస్ మంట" అన్నాను. వెనక పెద్దవాళ్లు కూడా నవ్వారు. చివరికి చెంబుతో నీళ్లు తెచ్చి నా కళ్లు కడిగించారు. మసకగా చూస్తూనే గంట కొట్టేదాకా ఒక్క తెలుగు ముక్క రాకుండా లాక్కొచ్చాను.

కరస్పాండెంట్ గారు తల్లిదండ్రుల్ని అడిగారు. అందరూ ఆవిడ వైపే చూశారు. "ఈ మేడమే ఉండనీయండి" అందావిడ.

వరండాలోకి వచ్చాక దణ్ణం పెట్టి థాంక్స్ చెప్పబోయాను. ఆవిడ నా చేతుల వంక చూసింది. "మేం కూలికి పోయేవాళ్లం మేడం. మా పిల్ల కాయ కోతకు పోకూడదనే ఇక్కడ చేర్పించాం. ఇంగ్లీషొస్తే పోనక్కర్లేదనుకున్నాం. మీకొచ్చింది గదా, మరి మీ చేతులేంది మా చేతుల్లాగే ఉన్నాయి?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. పిల్లను తీసుకుని వెళ్లిపోయింది.

నాకు కోపం వచ్చింది. మా పొలంలో నేను చేస్తే తప్పేంటి అని బస్సంతా నాలో నేనే వాదించుకున్నాను. ఆవిడ అన్నది తప్పయితే అంత కోపం వచ్చేది కాదు.

ఇంటికొచ్చేసరికి వాన పడకుండానే మబ్బు విడిపోయింది. మా అత్తయ్య గడపలో కూర్చుని ఉంది. "ఉద్యోగం ఉన్నట్టేనా?" అని అడిగింది.

"ఉందత్తయ్యా."

"మంచిది. సోమవారం కూలీలు దొరకలేదంట. ఒక పూట సెలవు పెట్టు, రంగు పోయిన తాలుకాయ ఏరాలి."

ఇన్నేళ్లలో ఆ మాటకు నేను ఎప్పుడూ 'అలాగే' అనే అన్నాను. ఆ రోజు వేళ్లు ఇంకా మండుతూనే ఉన్నాయి.

"పెట్టనత్తయ్యా. సోమవారం నాకు క్లాసుంది."