ఏకపక్షంగా పంచిన మంద

మొన్న ప్రొద్దుటూరులో మా కొడుకింట్లో కందిపప్పు చెరుగుతుంటే మనవరాలు తెలుగు వాచకం పట్టుకొచ్చి, "జేజీ, ఏకపక్షమంటే ఏంది? సొంతవాక్యం రాయాల" అంది. ఒకవైపే మొగ్గడం అని చెప్పాను. దానికి చాల్లేదు. "అది మంచిదా, చెడ్డదా?" అని లా పాయింటు తీసింది. ఆలోచిస్తే నాకూ వింతగానే తోచింది. తీర్పు ఏకపక్షమైతే తిడతాం, క్రికెట్ ఏకపక్షమైతే టీవీ కట్టేస్తాం. మరి ప్రేమ ఏకపక్షమైతే ఏం చేయాలి? చేట పక్కన పెట్టి అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. పప్పు సంగతి పాపం కోడలే చూసుకుంది.

సింహాద్రిపురం దగ్గర మా పల్లెలో మాకు గొర్రెల మంద ఉండేది. జమ్మలమడుగుకిచ్చిన మా మేనత్త, మొగుడు పోయాక ఒంటరిగా పుట్టింటికొచ్చింది. మందలో సగమిస్తే తన బతుకు తాను బతుకుతుందని మా జేజి తేల్చేసింది. మా ఇళ్లలో పంపకానికొక పద్ధతి ఉంది. పెద్దవాళ్లు పంచాలి, చిన్నవాళ్లు ముందు ఏరుకోవాలి. హెచ్చుతగ్గులు చేస్తే నష్టపోయేది పంచినవాళ్లే కాబట్టి ఎవరైనా చచ్చినట్టు సమంగా పంచుతారు. మా నాయన మాత్రం పొద్దున్నే దొడ్డికి నడుమ కంప అడ్డం పెట్టి, ఒక పక్కకు బలిసిన పొట్టేళ్లనూ చూడి గొర్రెలనూ తోలాడు. రెండో పక్కకు కుంటివీ, బక్కవీ, పండ్లూడినవీ. నాయనకు మతిపోయిందేమో అనుకున్నాను. అమ్మకు మాత్రం అర్థమైంది. ముందు ఏరుకునేది చెల్లెలు కదా, మంచివన్నీ ఆమెకే పోతాయి. పిల్లలం ముగ్గురం ఆ మంద మీదే బతకాలి. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

అత్త రెండు పక్కలా చూసింది. అమ్మ ముఖమూ చూసింది. నేరుగా పోయి బక్కవాటి మధ్య నిలబడింది.

"ఏంది మ్మే, కండ్లు కనపళ్ళేదా?" అన్నాడు నాయన.

"శానా బాగా కనపడతాండాయి అన్నా. నీకు ముగ్గురు బిడ్డలుండారు."

"నీకెవురుండారు?"

"నువ్వుండావు గదా."

నాయన తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఒకసారి ఏరుకున్నాక మార్చుకునే ఆచారం లేదు. అత్త ఊరి చివర కొట్టం వేసుకుని వాటినే మేపుకుంది. ఎండాకాలానికి తట్టుకోలేక వాటిలో చాలావరకు చచ్చిపోయాయి. అత్త మందను వదిలేసి కూలికి పోతుందట అని ఊళ్లో అనుకోవడం మొదలైంది. ఆ మాట విన్న మర్నాడు పొద్దున అమ్మ మా మందలోంచి మంచి చూడి గొర్రెల్ని రెండింటిని ఏరి బయటికి తోలింది.

"యాడికి తోల్తాండావు?" అన్నాడు నాయన.

"నీళ్లకు."

అటువైపు నీళ్లు లేవు, అత్త కొట్టమే ఉంది. సాయంత్రం మంద ఇంటికొచ్చాక నాయన తగ్గిన గొర్రెల మాటెత్తలేదు, సంగటి మాత్రం ఇంకొంచెం పెట్టమన్నాడు. వాళ్లిద్దరూ అంతకన్నా ప్రేమగా మాట్లాడుకోగా నేనెప్పుడూ వినలేదు.

ఇదంతా విని మనవరాలు, "మా జేజి వాళ్లమ్మ ఏకపక్షంగా గొర్రెలిచ్చింది" అని రాసుకుంది. టీచరమ్మ ఏమంటుందో చూడాలని నాకు మహా కుతూహలంగా ఉంది. అమ్మా, నాయనా, అత్తా, ఆ ముగ్గురిలో ఇప్పుడెవరూ లేరు. చిన్నది అత్తే అయినా అందరికన్నా ముందు పోయింది. కాలానికి మా పద్ధతి తెలియదు, పంచేదీ అదే, ముందు ఏరుకునేదీ అదే.